పాత జిప్సీని ఇంటి షెడ్డులోనే విప్పి కట్టుకోవడం ఎలా

ముందు టేపు తీసుకుని ఇంటి పక్క ఖాళీ స్థలం కొలవండి. మారుతి జిప్సీ, అంటే జీపు లాంటి ఆ ఫోర్ వీల్ డ్రైవ్ బండి, పొడవు 4 మీటర్లు, వెడల్పు మీటరున్నర పైచిలుకు. బండి పట్టేస్తుందిలే అని మురిసిపోకండి. విప్పిన బండి కట్టిన బండికి మూడింతల చోటు తింటుంది. మా ఇంట్లో సీట్లు మేడ మీదికి ఎక్కాయి, బోనెట్ మంచం కిందికి దూరింది, తలుపులు పూజగది గోడకు ఆనుకుని నెలల తరబడి నిలబడ్డాయి.

తిరుపతిలో మా ఇంటి వెనకాల రేకుల షెడ్డులో 1998 మోడల్ జిప్సీ కింగ్‌ను పద్నాలుగు నెలలు విప్పి కట్టాను. నేను మెకానిక్‌ని కాదు. ఆదివారాలు, పండగ సెలవులు, కరెంటు ఉన్న సాయంత్రాలు, అంతే. ఆ పద్నాలుగింటిలో నాలుగు నెలలు నా తప్పుల వల్లే పోయాయి. అవి మీకు మిగలాలనే ఇది రాస్తున్నాను.

పని కింద నుంచి మొదలుపెట్టండి. చాలామంది పెయింటుతోనూ, లావు టైర్లతోనూ మొదలుపెడతారు. డబ్బులు పైనే అయిపోతాయి, కింద ముందు చక్రాలు అటూ ఇటూ తిరగడానికి ఆధారమైన కింగ్ పిన్ బేరింగులు అరిగే ఉంటాయి. రెండోది, ఒక మూల విప్పితే దాన్ని బిగించాకే ఇంకో మూల ముట్టుకోండి. దీన్ని నేను పాటించలేదు. ఆ కథ తరువాత చెప్తాను.

కొనేటప్పుడు

1985 చివర్లో వచ్చిన మొదటి జిప్సీ ఎంజీ410కి 970 సీసీ ఇంజిను, నాలుగు గేర్లు. 1993లో చక్రాల మధ్య వెడల్పు పెంచారు. 1996లో 1298 సీసీ, ఐదు గేర్లతో జిప్సీ కింగ్ వచ్చింది. అది కార్బురేటర్ బండి, 60 హార్స్‌పవర్. 2000 నుంచి ఎంపీఎఫ్ఐ (కార్బురేటర్ బదులు కంప్యూటర్‌తో పెట్రోలు చిమ్మే పద్ధతి), 16 వాల్వులు, 80 హార్స్‌పవర్. మామూలు జనానికి అమ్మడం 2019లో ఆపేశారు. ఇంట్లో పనికి కార్బురేటర్ కింగ్ నయం అని నా అభిప్రాయం. స్పానర్, స్క్రూడ్రైవర్, కాస్త చెవి ఉంటే దానితో మాట్లాడవచ్చు. ఎంపీఎఫ్ఐలో సెన్సార్ మొరాయిస్తే ఇంకొకరి దగ్గరికి పరిగెత్తాల్సిందే.

చూడటానికి వెళ్లినప్పుడు మ్యాట్లు ఎత్తండి. 2021 నవంబర్‌లో తిరుపతిలో వచ్చిన వరద గుర్తుందిగా, ఆ నీళ్లలో నానిన బండ్లు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. సీటు పట్టాల సందుల్లో, డ్యాష్‌బోర్డు లోపలి మూలల్లో ఎండిన ఒండ్రు కనబడితే దండం పెట్టి వచ్చేయండి. తరువాత చిన్న సుత్తితో ఛాసిస్ (బండి అడుగున ఉండే ఇనప చట్రం) పొడవునా తట్టుకుంటూ పోండి. గట్టి ఇనుము టంగుమంటుంది. లోపల తుప్పు తిన్న చోట ధబ్బుమని మొద్దు శబ్దం వస్తుంది. కమాన్ కట్టలు (చక్రాల మీది పట్టీ స్ప్రింగులు) ఛాసిస్‌కు తగిలే హ్యాంగర్ల దగ్గర, బాడీ బోల్టుల చుట్టూ, ముందు సీట్ల కింద రేకు, అద్దం అడుగు ఫ్రేము ముఖ్యంగా చూడండి.

కాగితాల సంగతి. ఛాసిస్ మీద కొట్టిన నంబరు, ఆర్‌సీలో నంబరు అక్షరం అక్షరం సరిపోవాలి. సొంత బండికి 15 ఏళ్లు దాటితే ఫారం 25తో రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి, అది 5 ఏళ్లకు వస్తుంది. 15 ఏళ్లు దాటిన కార్లకు ఈ ఫీజు 2022 ఏప్రిల్ నుంచి 5,000 రూపాయలైంది, 20 ఏళ్లు దాటినవాటికి 2025లో 10,000 చేశారు. మిలిటరీ డిస్పోజల్ బండి అయితే వేలం కాగితాలు చేతిలో లేకుండా అడ్వాన్స్ కూడా ఇవ్వకండి. వేరే ఇంజిను దించడం, బాడీ కోయడం లాంటి ఆలోచనలుంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఒకసారి చదువుకోండి. కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌ను మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఉన్నదాన్ని ఉన్నట్టు బాగుచేసుకుంటే ఈ టెన్షన్ ఉండదు.

ఛాసిస్ నంబరు మీద ఈ రోజే గ్రీజు పూసి టేపు అంటించండి. గ్రైండర్ ఊపులో అది అరిగిపోయిందంటే, రెన్యువల్‌కి వెళ్లినప్పుడు పెన్సిల్ ముద్ర పడదు. అప్పుడు బండి ఉన్నా లేనట్టే.

షెడ్డు, సామాన్లు

మూడు టన్నుల జాకీ స్టాండ్లు నాలుగు కొనండి. ఇటుకల మీద, రాళ్ల మీద బండిని నిలిపి కిందికి దూరవద్దు. 10 నుంచి 24 వరకు రింగు స్పానర్లు, సాకెట్ సెట్టు, టార్క్ రెంచి, బేరింగ్ పుల్లర్, మంచి వైస్. ఇంజిను దించడానికి చైన్ బ్లాకును రేకుల షెడ్డు పైపుకు తగిలించకండి, షెడ్డే దిగి వస్తుంది. ఇంజిను క్రేను ఒక రోజుకు అద్దెకు తెచ్చుకోండి.

నట్లు, బోల్టులకు పెరుగు డబ్బాలు బాగా పనికొస్తాయి. ఒక్కో డబ్బా మీద ఎక్కడివో మార్కర్‌తో రాయండి. చిన్న షిమ్ములు (సందు సరిచేయడానికి పెట్టే పల్చటి రేకు బిళ్లలు), వాషర్ల లాంటి వరస తప్పకూడని వాటికి పాత ఇడ్లీ రేకును మించింది లేదు. మా అమ్మ దాని కోసం వారం రోజులు వెతికింది. విప్పే ముందు ప్రతిదాన్నీ ఫోన్‌లో మూడు కోణాల్లో ఫోటో తీయండి. గుర్తుంటుందిలే అనిపిస్తుంది, ఆరు నెలల తర్వాత ఏదీ గుర్తుండదు.

బాడీ ఎత్తడం

తుప్పు పట్టిన బోల్టులన్నిటికీ ముందు రోజు రాత్రే తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఉంచండి. బ్యాటరీ తీసేయండి. పెట్రోలు ట్యాంకు దించి, వెల్డింగు జరిగే చోటికి దూరంగా, గాలి ఆడే చోట పెట్టండి. ఖాళీ ట్యాంకులో ఉండే ఆవిరే నిండు ట్యాంకు కంటే ప్రమాదం.

స్టీరింగ్ షాఫ్టు, బ్రేకు పైపులు, క్లచ్ కేబుల్, యాక్సిలరేటర్ కేబుల్, స్పీడోమీటర్ కేబుల్, వైరింగ్ ప్లగ్గులు, ఎర్త్ పట్టీలు, రేడియేటర్ గొట్టాలు, హ్యాండ్ బ్రేకు, గేరు రాడ్డు, ఫోర్ వీల్ రాడ్డు. ఇవన్నీ వేరు చేశాకే బాడీ బోల్టులు విప్పండి. సీట్లు, తలుపులు, అద్దం తీసేసిన బాడీని ఎనిమిది మంది ఎత్తేస్తారు. మేము వీధి క్రికెట్ బ్యాచ్‌ను పిలిచాం, బిర్యానీ ఒప్పందం మీద. మూడు అంగుళాలు లేచాక ఆపి, కింద ఏదైనా తగులుకుని ఉందా అని చుట్టూ చూడండి. తప్పకుండా ఒక ఎర్త్ వైరు ఉంటుంది.

ఛాసిస్ బయటపడ్డాక మూల నుంచి మూలకు ఐమూలగా తాడు పట్టి కొలవండి. రెండు కొలతలూ ఒకటే రావాలి. తేడా ఉంటే ఆ బండి ఎప్పుడో గట్టిగా గుద్దుకుని ఉంటుంది. దాన్ని ఇంట్లో సరిచేయలేం. తుప్పును వైరు బ్రష్ పెట్టిన గ్రైండర్‌తో గీకి, చిల్లు పడిన చోట చెడిన రేకును పూర్తిగా కోసి, కొత్త ప్లేటు వెల్డింగు చేయించండి. తుప్పు మీద ప్లేటు అతికిస్తే లోపల అది తింటూనే ఉంటుంది. తరువాత జింకు ప్రైమర్, దాని మీద ఎపాక్సీ. ఛాసిస్ గొట్టం లోపలికి కూడా మైనం లాంటి తుప్పు నిరోధకం స్ప్రే చేయించండి. ఈ రంగుల పని అక్టోబర్, నవంబర్లలో పెట్టుకోవద్దు. మనకు అసలు వానలు అప్పుడే.

కమాన్ కట్టల్లో బుష్షులన్నీ కొత్తవి వేయండి. ఒక చిన్న సంగతి చాలా షెడ్లలో పట్టించుకోరు. బండి స్టాండ్ల మీద ఉండగా షాకిల్ బోల్టులు (కమాన్ కట్ట చివరను ఛాసిస్‌కు పట్టే బోల్టులు) పూర్తిగా బిగించకూడదు. చేత్తో పట్టించి వదిలేసి, బండి బరువు చక్రాల మీదికి దిగాక బిగించాలి. లేకపోతే రబ్బరు మెలిపడి ఏడాదిలోపే చిరుగుతుంది.

ముందు ఇరుసు

ఇక్కడ తొందరపడకండి. జిప్సీ స్టీరింగ్ అరవై దాటగానే వణుకుతోందంటే, అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్ అని డబ్బులు పోసేవాళ్లే ఎక్కువ. టైర్లు బాగానే ఉండి కూడా వణుకు పోలేదంటే కింగ్ పిన్నుల మీద అనుమానపడండి. ముందు ఇరుసు రెండు చివర్లా గుండ్రటి గోళం, దాని మీద టోపీలా తిరిగే నకిల్ ఉంటాయి. ఆ నకిల్‌ను పైన ఒకటి, కింద ఒకటి కింగ్ పిన్ పట్టి ఉంచుతాయి. ఒక్కోదానికి ఒక చిన్న టేపర్ బేరింగు. రెండు వైపులా కలిపి నాలుగు పిన్నులు, నాలుగు బేరింగులు.

ఎడమ వైపు మాత్రమే విప్పండి. చక్రం తీసి, క్యాలిపర్‌ను (డిస్కును పట్టే బ్రేకు ముక్క) తీగతో కమాన్ కట్టకు వేలాడదీయండి, బ్రేకు గొట్టం మీద వేలాడనివ్వద్దు. హబ్బు మూత, లాకు వాషరు, హబ్బు నట్టు, బేరింగు, హబ్బు. తరువాత స్పిండిల్, అంటే హబ్బు కూర్చునే గొట్టం. అది రాకపోతే రబ్బరు సుత్తితో చుట్టూ తట్టండి. స్పిండిల్ వచ్చాక లోపలి షాఫ్టు మెల్లగా బయటికి లాగండి. జాయింటు బరువు లోపలి ఆయిల్ సీలు మీద పడకుండా చేత్తో ఎత్తి పట్టుకుని లాగాలి.

ఇప్పుడు లోపల ఏముందో చూడండి. నకిల్‌లో గ్రీజు ముద్దగా, నల్లగా ఉంటే బాగున్నట్టు. నాది తీసినప్పుడు పల్చటి రాగి జావలా కారింది, ముక్కు పగిలే గేరాయిల్ వాసన. అంటే లోపలి సీలు పోయి, డిఫరెన్షియల్ (ఇరుసు మధ్యలోని గేర్ల డబ్బా) ఆయిల్ నకిల్‌లోకి వచ్చి గ్రీజును కడిగేసిందన్నమాట. ఆ జావలో తిరిగిన బేరింగులకు గాట్లు పడి ఉన్నాయి. నకిల్‌ను చేత్తో తిప్పితే సరిగ్గా మధ్యలోకి రాగానే టక్కుమని ఒక గాట్లో కూర్చుంటోంది.

టై రాడ్డు (రెండు ముందు చక్రాలను కలిపే స్టీరింగ్ రాడ్డు) చివర విప్పి, వెనక వైపు సీలు పట్టీ స్క్రూలు తీసి, పై పిన్ను, కింది పిన్ను విడివిడిగా బయటికి తీయండి. ఏది పైది, ఏది కిందిది అని పంచ్‌తో చుక్క పెట్టండి. పిన్ను కింద కాగితమంత పల్చటి షిమ్ములు ఉంటాయి. అవి ఏ పిన్నుకు ఉన్నవి ఆ పిన్నుతోనే ఉండాలి. పిన్నులు వదలగానే కింది బేరింగు టప్పున జారి పడుతుంది, చెయ్యి అడ్డం పెట్టండి.

నేను చేసిన తప్పు ఇక్కడే. ఉత్సాహంలో ఒకే ఆదివారం రెండు వైపులా విప్పేశాను. షిమ్ములన్నీ ఒకే డీజిల్ డబ్బాలో వేసి కడిగాను. తోచినట్టు పెట్టి బిగించాను. బండి రోడ్డెక్కాక యాభైకే వణికింది, విప్పక ముందు కంటే ఘోరంగా. చిత్తూరులో నాకు తెలిసిన పెద్ద వయసు మెకానిక్ ఒకాయన ఉన్నాడు, ముప్పై ఏళ్లుగా జీపుల పనే. ఆయన్ని తీసుకొచ్చి చూపించాను. ఆయన ఆ షిమ్ములు అరచేతిలో పోసుకుని, ఎండలో అటూ ఇటూ తిప్పి చూసి, “ఏది ఏ పక్కదో చెప్పు సామీ” అన్నాడు. “తెలీదన్నా” అన్నాను. నవ్వాడు. “అయితే ఇంక తూకం వేయాల్సిందే.”

ఆ తూకం పద్ధతి ఇది. కొత్త బేరింగులు, కొత్త కప్పులు వేసి, సీళ్లు మాత్రం వేయకుండా నకిల్ బిగించండి. టై రాడ్డు కూర్చునే రంధ్రానికి స్ప్రింగ్ త్రాసు కొక్కెం తగిలించి మెల్లగా లాగండి. నకిల్ కదలడం మొదలైనప్పుడు ముల్లు ఒకటి నుంచి రెండు కిలోల మధ్య చూపాలి. తక్కువ చూపితే వదులుగా ఉన్నట్టు, ఒక షిమ్ము తీయండి. ఎక్కువ చూపితే ఒకటి వేయండి. ఒక్కో షిమ్ముకు మళ్లీ విప్పి మళ్లీ బిగించాలి. మాకు ఎడమ వైపు నాలుగు సార్లు, కుడి వైపు ఆరు సార్లు పట్టింది. స్ప్రింగ్ త్రాసు పాత పేపర్లు కొనే ఆయన దగ్గర అడిగి తెచ్చాం.

లెక్క కుదిరాక లోపలి ఆయిల్ సీలు కొత్తది వేయండి. సీలు దిగేటప్పుడు వంకర పోకూడదు, దాని చుట్టుకొలతకు సరిపోయే పాత సాకెట్ పెట్టి సమంగా కొట్టండి. స్పిండిల్ లోపలి ఇత్తడి రంగు బుష్షు అరిగి ఉంటే మార్చండి. జాయింటుకు మాలిబ్డినం కలిసిన గ్రీజు వేళ్లతో గుండ్ల సందుల్లోకంతా కుక్కాలి. వెనక సీలు సెట్టులో ఫెల్టు, రబ్బరు, ఇనప పట్టీ ఏ వరసలో వచ్చాయో మీ ఫోటోలో చూసి అదే వరసలో పెట్టండి. చక్రం బేరింగు నట్టును గట్టిగా బిగించి, హబ్బును పది చుట్లు తిప్పి, నట్టు వదులు చేసి, మళ్లీ మెల్లగా ఆట పోయేంత వరకే బిగించి లాకు వాషరు మడవండి.

సీళ్ల విషయంలో కక్కుర్తి పడొద్దు. మొదటిసారి నేను సగం ధరకు దొరికిన డూప్లికేట్ సెట్టు వేశాను, రెండు నెలలు కూడా ఆగలేదు. జిప్సీ సామాన్లకు మనకు చెన్నై దగ్గర. జనరల్ ప్యాటర్స్ రోడ్డులో కొత్తవి, పుదుపేటలో సెకండ్స్. పొద్దున్నే బస్సెక్కితే సాయంత్రానికి తిరుపతిలో ఉంటారు. పాత ముక్క చేత్తో పట్టుకుని వెళ్లండి. నోటితో మోడల్ పేరు చెప్పి తెచ్చిన సామాను సగం సార్లు వాపసే.

ట్రాన్స్‌ఫర్ కేసు

జిప్సీలో గేరుబాక్సు వేరు, శక్తిని ముందు, వెనక ఇరుసులకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసు వేరు. మధ్యలో ఒక పొట్టి ప్రొపెల్లర్ షాఫ్టు ఉంటుంది. గేరు మార్చినప్పుడల్లా కింద ధడేల్‌మంటే ముందు దాని రబ్బరు మౌంట్లు చూడండి. ఎక్కువసార్లు రోగం అక్కడే. షాఫ్టులు విప్పే ముందు ఫ్లాంజీల మీద గీత గీయండి, అదే గీతకు కలపాలి. క్రాసులు (షాఫ్టు చివరి జాయింట్లు) చేత్తో తిప్పినప్పుడు గరగరమంటే మార్చేయండి. గేరుబాక్సుకు జీఎల్-4, డిఫరెన్షియల్స్‌కు జీఎల్-5 ఆయిలు. డ్రెయిన్ బోల్టు విప్పే ముందు పైన నింపే బోల్టు ఊడుతుందో లేదో చూసుకోండి. ఉన్న ఆయిలంతా వదిలేశాక పై బోల్టు రాలేదంటే ఆ రోజంతా దానితోనే.

ఇంజిను

విప్పే ముందు కంప్రెషన్ చూడండి. నాలుగు ప్లగ్గులూ తీసి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి, ఒక్కో సిలిండర్ కొలవండి. ఒకదానికొకటి కిలో కంటే ఎక్కువ తేడా ఉండకూడదు. తక్కువ వచ్చిన దాంట్లో చెంచాడు ఇంజినాయిల్ పోసి మళ్లీ చూడండి. ముల్లు పెరిగితే రింగులు, బోరు పోయినట్టు. పెరగకపోతే వాల్వులు. బోరింగు, వాల్వు సీట్ల పని లేత్ షాపుకే ఇవ్వండి, అది ఇంట్లో చేసే పని కాదు. అన్నీ బాగుంటే టైమింగ్ బెల్టు, వాటర్ పంపు, సీళ్లు మార్చి వదిలేయండి. పరుగెత్తే ఇంజినును ఊరికే విప్పొద్దు.

వేడెక్కుతోందని చెప్తే థర్మోస్టాట్ పీకేయమనే సలహా మన దగ్గర ఉచితంగా దొరుకుతుంది. వినకండి. అది లేకపోతే ఇంజిను సరైన వేడికి రాదు, పెట్రోలు తాగుతుంది. అసలు రోగం రేడియేటర్‌లో. ఏళ్ల తరబడి పోసిన బోరు నీళ్ల ఉప్పు గొట్టాల్లో సున్నంలా పేరుకుని ఉంటుంది. రేడియేటర్ విప్పించి రాడ్డింగ్ (గొట్టాల్లో కడ్డీ దూర్చి శుభ్రం చేయడం) చేయించండి, ఇక నుంచి డిస్టిల్డ్ వాటర్‌లో కలిపిన కూలెంటే పోయండి. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ పెట్రోలు. పాతకాలపు రబ్బరు గొట్టాలు దానికి ఆగవు. ట్యాంకు నుంచి కార్బురేటర్ దాకా ఇథనాల్ తట్టుకునే గొట్టాలు, కార్బురేటర్‌లో కొత్త డయాఫ్రం కిట్టు వేయండి.

బ్రేకుల్లో సగం పనులు ఉండవు. మాస్టర్ సిలిండర్ కిట్టు, వీల్ సిలిండర్లు, గొట్టాలు అన్నీ కొత్తవే. పాత లైనింగుల దుమ్మును గాలి కొట్టి ఊదకండి, అందులో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడవండి. బ్రేకు పైపుల్లో గాలి తీసేటప్పుడు మాస్టర్ సిలిండర్‌కు దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టండి.

టింకరింగు, పెయింటు ఆటోనగర్ షెడ్డుకే ఇచ్చేయండి. వైరింగులో మాత్రం ఎర్త్ పట్టీలన్నీ కొత్తవి వేసి, హెడ్‌లైట్లకు రిలేలు పెట్టించండి.

స్టార్టు చేయడం, తిప్పి చూడటం

ఇంజిను విప్పి కట్టి ఉంటే కాయిల్ వైరు తీసేసి, ఆయిల్ లైటు ఆరేదాకా సెల్ఫ్ కొట్టండి. అప్పుడు వైరు పెట్టి స్టార్టు చేయండి. మొదటి ఇరవై నిమిషాలు బండి పక్కనే ఉండి, టార్చి పట్టుకుని కింద ఏమైనా కారుతోందేమో చూడండి.

మొదటి రోజు మన వీధిలోనే. రెండో రోజు చంద్రగిరి దాకా. అరవై దాటించి స్టీరింగ్ మీద చేతులు వదులుగా పెట్టి చూడండి. మూడో వారం భాకరాపేట ఘాటు మీదుగా తలకోన. ఎక్కేటప్పుడు టెంపరేచర్ ముల్లు, దిగేటప్పుడు బ్రేకులు తేలిపోతాయి. ఫోర్ వీల్ మాత్రం తారు రోడ్డు మీద వేయకండి. ముందు ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య డిఫరెన్షియల్ లేదు కాబట్టి మలుపుల్లో గేర్లన్నీ మెలిపడతాయి. దాన్ని పరీక్షించడానికి మట్టి, ఇసుక కావాలి. స్వర్ణముఖి ఇసుక బాగుంటుంది కానీ ఇసుక తోలడానికి వచ్చారనుకుంటారు. శేషాచలం అంచుల్లో మట్టిదారుల్లోకి పోతే ఎర్రచందనం బండి అనుకుంటారు, పైగా అడవిలోకి అనుమతి లేకుండా పోకూడదు. తెలిసినవాళ్ల దుక్కి దున్నిన చేను ఉంటే అడగండి.

ఐదు వందల కిలోమీటర్లకు ఇంజినాయిలు మార్చి, కమాన్ కట్టల యూ బోల్టులు, ప్రొపెల్లర్ షాఫ్టు బోల్టులు మళ్లీ బిగించండి. ఆ రోజే ముందు చక్రాల వెనకాల వంగి, నకిల్ గోళం మీద వేలు పెట్టి గీయండి. పల్చగా గ్రీజు పొర అంటితే సీళ్లు బాగున్నట్టు. వేలికి ఆయిలు కారి, ముక్కు దగ్గర పెడితే గేరాయిల్ వాసన వస్తే లోపలి సీలు మళ్లీ పోయినట్టే. జాకీ తీసుకురండి. ఆ వైపు ఒక్కటే విప్పండి.